బ్రాకెట్లో పెట్టిన ఎత్తు

మొర ఆగితే రోగం పోయినట్టే అనుకునే మనుషులు లోకంలో కొల్లలు. ఆ నమ్మకం మీద ఏకంగా దుకాణమే పెట్టుకున్నవాడు ఇతను.

కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే మెకానిక్. రెండు వీధులు కలిసే మలుపులో, తాళాలవాడి కొట్టుకూ చెప్పులు కుట్టేవాడి కొట్టుకూ నడుమ ఇరుక్కున్న గది అతనిది. ఏ యంత్రం బాగుచేసినా చివర్న మూత బిగించి, దాని మీద అరచేత్తో ఒక్కటి చరిచి "ఓకే!" అనేవాడు. అందుకని వీధిలో పిల్లలు ఓకే మావయ్య అని పిలిచేవారు. పెద్దవాళ్ళూ అదే అనేవారు, కాకపోతే అతను వినకుండా.

ఎర్రదీపం వెలుగుతోందని ఎవరైనా ప్రింటరు పట్టుకొస్తే, ముందు అది ఎందుకు వెలుగుతోందో వెతికేవాడు. దొరికితే సరే. దొరక్కపోతే ఆ దీపానికి పోయే తీగ ఎక్కడుందో వెతికేవాడు. అది మాత్రం తప్పకుండా దొరికేది. దీపం ఆరిపోయేది, మనిషి సంతోషంగా ప్రింటరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఇతన్ని మోసగాడనుకోకండి. మోసగాడికి తను చేస్తున్నదేమిటో తెలుసు. ఇతను నిజంగానే బాగుచేశాననుకునేవాడు, ఆ పూట హాయిగా అన్నం తినేవాడు.

అక్క ఇంట్లో ఫ్రిజ్ ఉండేది. తలుపు సరిగా పడకపోతే కుయ్‌కుయ్‌మని అరిచేది. అరుపు భరించలేకపోతున్నానని అక్క అంటే, వెనక పలక విప్పి, అరిచే బిళ్ళను పీకి జేబులో వేసుకున్నాడు. "ఓకే!" ఆ వారమే పాలు విరిగాయి. పాలు కొన్నప్పుడే బాగుండి ఉండవని తేల్చేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అక్క కూడా కాళ్ళు లెక్కపెట్టే మనిషి కాదు. తమ్ముడి చేతిలో పనితనం ఉందని ఊరందరికీ చెప్పుకునేది.

అక్క ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. దుప్పట్లు, గౌన్లు, దిండు గలేబులు వేడినీళ్ళ యంత్రాల్లోంచి తీసి మడతపెట్టే పని. సోడాకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, నెలకోసారి చర్మం ఊడేది. బావ లారీల మీద తిరిగేవాడు. ఇంటికి వస్తే చుట్టం, పోతే మామూలే. ఉన్న ఒక్క కూతురూ తనలా ఆ ఆవిరిలోకి రాకూడదన్నది అక్క పట్టుదల. దేవుడి ముందు నిలబడినా వేరే కోరిక కోరేది కాదు.

ఆ కూతురికి ఉన్న ఆస్తల్లా జ్ఞాపకం. ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నారో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. రెండేళ్ళ కిందట ఎదురింటావిడ పంచదార అప్పు తీసుకుంటూ "రేపే ఇచ్చేస్తానమ్మా" అన్నదని ఆవిడ మొహం మీదే గుర్తుచేసి తల్లిని ఇరుకున పెట్టిన పిల్ల. తల్లి దాన్ని టేపురికార్డరు అని పిలిచేది. అది ముద్దో విసుగో తల్లికే తెలియాలి. అలాంటి పిల్ల చదరంగం ముందు కూర్చుంటే ఏమవుతుంది? ఏడాది తిరిగేసరికి లైబ్రరీ మేడ మీద మాస్టారు నడిపే తరగతిలో తనకంటే పెద్దవాళ్ళను ఏడిపించడం మొదలుపెట్టింది.

మాస్టారు ముసలాయన. తరగతిలో ఆడిన ప్రతి ఆటనూ రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తనే కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఆ కంప్యూటరు మూలిగినప్పుడల్లా ఓకే మావయ్యను పిలిచేవారు. మేనకోడలు చదువుకునే చోటు కదా, ఇతనూ ఉచితంగానే చేసిపెట్టేవాడు.

ఒకసారి ఆ కంప్యూటరు పొద్దున్నే తెరవగానే, డిస్కు పాడవబోతోందని హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చి, ఆటల ఫైళ్ళన్నీ తన పెన్‌డ్రైవులోకి దించుకున్నాడు. అంతవరకూ మంచి పనే. తరవాత ఆ హెచ్చరిక మళ్ళీ కనబడకుండా చేసి, మూత మీద ఒక్కటి చరిచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు డిస్కు చచ్చింది. ఫైళ్ళు తెచ్చిచ్చాడనుకోండి, కానీ మాస్టారికి కోపం ఆగలేదు.

"దొంగ వచ్చాడని కుక్క మొరిగితే, కుక్క నోరు కట్టే రకమయ్యా నువ్వు!" అన్నాడు తరగతి మధ్యలో నిలబెట్టి.

పిల్లలందరూ నవ్వారు. మేనకోడలు నవ్వలేదు, తల దించుకుంది. మెకానిక్‌కు ఆ నవ్వుల కంటే ఈ దించుకున్న తలే ఎక్కువ గుచ్చుకుంది. రెండో ఏడు పాఠాలు ఇంకా మొదలవకుండానే, మర్నాటి నుంచి పిల్లను తరగతి మాన్పించేశాడు.

"గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు కదరా," అంది అక్క భయంగా. "ముందు ఆ సెలక్షన్లున్నాయి."

"ఆ గురువునే డబ్బాలో పెట్టి ఇస్తానక్కా. ఆయన ఇరవై ఏళ్ళ బుర్రంతా నా పెన్‌డ్రైవులో ఉంది. ఇక ఆయనెందుకు?"

సెలక్షన్లంటే చిన్న సంగతి కాదు. ఎండాకాలంలో జరిగే ఆ పోటీలో మొదట వచ్చిన ఒక్క అమ్మాయికి ఆటల స్కూల్లో సీటు. తిండి, చదువు, కోచ్, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. వయసు రీత్యా ఆ పిల్లకు అదే ఆఖరి ఏడాది. సీటు వస్తే చదువు సాగుతుంది. రాకపోతే లాండ్రీయే. అక్కడి సూపర్‌వైజరు "మీ అమ్మాయిని ఎప్పుడు పంపిస్తావు?" అని అప్పటికే రెండుసార్లు అడిగి ఉన్నాడు.

చదరంగం సాఫ్ట్‌వేర్లలో ఓపెనింగ్ బుక్ అని ఒకటుంటుంది. పేరుకు పుస్తకమే గాని పుటలుండవు. వేల ఆటల ఫైళ్ళు దానికి తినిపిస్తే, ఫలానా స్థితిలో ఏ ఎత్తు ఎన్నిసార్లు వచ్చింది, ఆ ఆటలు ఎవరు గెలిచారు అని లెక్కకట్టి, బాగా గెలిపించిన ఎత్తును అన్నిటికంటే పైన ఆకుపచ్చగా చూపిస్తుంది. ఆట మొదట్లో బుర్ర బద్దలు కొట్టుకోకుండా ఆ పచ్చదారిలో నడిచిపోవచ్చు. మాస్టారి ఫైళ్ళతో అలాంటి పుస్తకం తయారుచేసి మేనకోడలి చేతిలో పెట్టాలని కూర్చున్నాడు మెకానిక్.

మొదటిసారి ఫైళ్ళు ఎక్కిస్తే, నాలుగు ఆటలు మింగి అయిదోదాని దగ్గర ఆగిపోయింది. 'చెల్లని ఎత్తు' అంది. ఆటను బోర్డు మీద పెట్టి ఆడి చూశాడు. ఎత్తు శుభ్రంగా చెల్లుతుంది. మరి రోగమేమిటి? రాజుకు కోట కట్టే ఎత్తును ఇంగ్లీషు 'ఓ' అక్షరంతో రాయాలి. మాస్టారు సున్నాలతో రాశాడు. చూసే కంటికి రెండూ ఒకటే, యంత్రానికి కాదు. అది పట్టుకోవడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. పట్టుకున్నాక అన్ని ఫైళ్ళలోనూ ఒక్క దెబ్బతో మార్చేశాడు. ఇక్కడ మాత్రం అతని ఓపికకు దణ్ణం పెట్టాలి.

తరవాత ఒక ఏడాది ఆటలు మొత్తం మాయమయ్యాయి. మాస్టారు ఎత్తుల మధ్య మీసాల బ్రాకెట్లు తెరిచి మాటలు రాసేవాడు. ఒకచోట తెరిచి, మూయడం మరిచిపోయాడు. దాంతో ఆ తరవాతి ఆటలన్నీ ముసలాయన కబుర్లే అనుకుని యంత్రం దాటేసింది. ఒక్కో బ్రాకెట్ వెతికి మూసే ఓపిక అప్పటికి అయిపోయింది. మాటలన్నీ మొదలంటా తుడిచేశాడు. ఆయన వాగుడు మనకెందుకు, ఎత్తులుంటే చాలనుకున్నాడు. ఎత్తుల పక్కన జంటగా అంటుకుని ఉన్న ప్రశ్నార్థకాలు కూడా యంత్రం గొంతుకు అడ్డం పడుతుంటే, వాటినీ ఏరిపారేశాడు.

చివరికి మిగిలినవి మామూలు బ్రాకెట్లు. చాలా ఆటల్లో అసలు ఎత్తు పక్కనే, బ్రాకెట్లో ఇంకో ఎత్తు ఉంది. ఒక్కోచోట రెండు తెరిచి ఒకటే మూసి ఉంది. యంత్రం ఎర్రటి పట్టిక చూపించి ఆగేది. సెట్టింగుల్లో వెతికితే ఒక గడి కనిపించింది. 'బ్రాకెట్లలోని ఎత్తులను కూడా చేర్చాలా?' అని. అందులో టిక్కు పెడితే యంత్రం ఇక బ్రాకెట్ల గొడవ పట్టించుకోదు, ఎత్తు ఎక్కడున్నా ఎత్తే అనుకుని మింగేస్తుంది.

టిక్కు పెట్టబోయి ఒక్క క్షణం ఆగాడు. ఈ ఎత్తుల్ని ముసలాయన విడిగా ఎందుకు పెట్టినట్టు? ఒక్క ఫోను చేస్తే తేలిపోయే సంగతి. ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. కుక్క నోరు గుర్తొచ్చింది, పిల్లల నవ్వులు గుర్తొచ్చాయి. ఫోను బల్ల మీద పడేశాడు. ఇవి ముసలాయన దాచుకున్న గుట్టు ఎత్తులై ఉంటాయి, అందుకే మూసిపెట్టుకున్నాడు అని తనకు తనే చెప్పుకుని టిక్కు పెట్టాడు. ఫైళ్ళన్నీ గడగడా ఎక్కేశాయి. అడుగున 'తప్పులు: 0' అని వచ్చింది. బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"ఓకే!"

ఆ రోజు నుంచి బడి వదలగానే మేనకోడలు దుకాణానికి వచ్చేది. చెప్పులు కుట్టేవాడి సుత్తి చప్పుడు ఒక పక్క, తాళాలవాడి ఆకురాయి చప్పుడు ఒక పక్క, మధ్యలో స్టూలు మీద కాళ్ళు ముడుచుకుని ఈ పిల్ల. తెర మీద ఒక స్థితి కనిపిస్తుంది. పుస్తకంలో పైనున్న ఎత్తు ఆడితే ఆకుపచ్చ టిక్కు పడి తరవాతి స్థితి వస్తుంది. ఆ ఎత్తు తరవాత ఏమవుతుందో చూపించే పని ఆ అభ్యాసానికి లేదు. పిల్ల పుస్తకమంతా మింగేసింది.

ఒకనాడు వేలు మౌసు మీద పెట్టి ఆగిపోయింది.

"మావయ్యా, ఇక్కడ గుర్రంతో మధ్యలో బంటును కొట్టమంటోంది."

"కొట్టు మరి."

"వాళ్ళ మంత్రి పక్కకొచ్చి చెక్ చెబితే? నేను రాజును కాచుకునేలోపు గుర్రం పోతుందేమో!"

మెకానిక్ ఒక ప్రింటరు కడుపులో చెయ్యి పెట్టి ఉన్నాడు. చెయ్యి తీయకుండానే మెడ తిప్పి తెర చూశాడు. ఆ ఎత్తు అన్నిటికంటే పైన, చిక్కటి ఆకుపచ్చలో ఉంది.

"ఎన్ని ఆటల్లో వచ్చిందో చూడు. ఎన్ని గెలిచిందో చూడు. అంతమంది పిచ్చివాళ్ళా? నువ్వు గుర్తుపెట్టుకో చాలు తల్లీ, ఆలోచించే పని దానికి వదిలెయ్."

పిల్ల నోరు మూసుకుని గుర్రంతో బంటును కొట్టింది. టిక్కు పడింది. మళ్ళీ ఆ సందేహం ఎత్తలేదు. అరుపు ఆగింది కదా, మెకానిక్ మళ్ళీ ప్రింటరు కడుపులోకి తిరిగాడు.

సెలక్షన్లు ఒక పెద్ద బడి వ్యాయామశాలలో జరిగాయి. ఆఖరి ఆట నాటికి మేనకోడలే ముందుంది. ఓడకుండా బయటపడితే చాలు, సీటు దానిదే. అక్క లాండ్రీలో సెలవు పెట్టి వచ్చి, తాడు కట్టిన గీతకు ఇవతల, పాలిపోయిన వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని నిలబడింది. పక్కనే తమ్ముడు.

నల్లపావులతో మేనకోడలు, ఎదురుగా జడ గట్టిగా బిగించుకున్న ఒక అమ్మాయి. మొదటి ఎత్తులు చకచకా పడ్డాయి. అంతలో ఆ స్థితే వచ్చింది. మేనకోడలు వెనకాడలేదు. గుర్రం ఎత్తి బంటును కొట్టింది, గడియారం నొక్కింది. తలతిప్పి మావయ్య వంక చూసి చిన్నగా నవ్వింది కూడా.

జడ అమ్మాయి తాగబోతున్న నీళ్ళసీసా కింద పెట్టింది. బోర్డు చూసింది. ఇంత తేరగా ఎవరిస్తారు అన్నట్టు మేనకోడలి మొహం చూసింది. మళ్ళీ బోర్డు చూసి, మంత్రిని పక్కకు జరిపి చెక్ చెప్పింది.

గుర్రం పోయింది. గుర్రం లేకుండా ఆ పిల్ల మూడు గంటలు పోరాడింది. ఓడిపోయింది. లేచి, ఎదుటి అమ్మాయికి చెయ్యిచ్చి, ఏడుపు ఆపుకుంటూ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. వెనకే అక్క పరిగెత్తింది.

వరండాలో మెకానిక్ ఒక్కడే నిలబడి ఉంటే మాస్టారు వచ్చాడు. ఆయన వేరే శిష్యురాలి ఆట చూడటానికి వచ్చినవాడు. గొంతులో కోపం లేదు, కోపమే ఉంటే బాగుండేది.

"ఎవరయ్యా దానికి ఆ ఎత్తు నేర్పింది?"

మెకానిక్ వ్యాయామశాల తలుపు వైపు చూశాడు.

"నా తరగతిలో రెండో ఏడు మొదటి పాఠం అదేనయ్యా! ఆ స్థితి వచ్చిన ప్రతి ఆటలోనూ ఆ ఎత్తును బ్రాకెట్లో పెట్టి, పక్కన రెండు ప్రశ్నార్థకాలు కొట్టి రాసేవాణ్ణి. ఇది గొయ్యి, పడొద్దని. ఎన్ని ఆటల్లో రాశానో నాకే తెలీదు. నా పిల్లలు ఒక్కరూ పడలేదు, అందరూ గెలిచారు. బంగారం లాంటి పిల్ల, ఇది పడిందేమిటి?"

మెకానిక్‌కు అప్పుడు లెక్క అందింది. మాస్టారు వద్దు వద్దన్నన్నిసార్లూ ఆ ఎత్తు పుస్తకంలో ఒక్కో మెట్టు పైకెక్కింది. దాన్ని ఆడకుండా తప్పించుకున్నవాళ్ళ గెలుపులన్నీ దాని ఖాతాలోనే పడ్డాయి. అన్నిటికంటే ఎక్కువసార్లు వద్దన్నది గనకే అన్నిటికంటే పైన నిలబడింది. 'గొయ్యి' అన్న మాటలు తుడిచిందీ తనే, ప్రశ్నార్థకాలు ఏరిపారేసిందీ తనే.

తల్లీకూతుళ్ళను బస్సెక్కించి, పనుందని చెప్పి దుకాణానికి పోయాడు. గడిలో టిక్కు తీసేశాడు. పుస్తకం మళ్ళీ మొదటినుంచి కట్టాడు. ఈసారి ఎర్రటి పట్టిక వచ్చింది, రానిచ్చాడు; అది పట్టుకున్న ఆటల్ని వదిలేసి మిగతావి ఎక్కించాడు. ఆ స్థితి తెరిచి చూస్తే గుర్రం ఎత్తు లేదు. ఎక్కడా లేదు. దాని చోట్లో, రాజుకు కోట కట్టే మామూలు ఎత్తు ఆకుపచ్చగా కూర్చుని ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ పుస్తకమున్న లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాడు. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే బయల్దేరాడు, ఆ మాత్రం న్యాయం అతనికి చెయ్యాలి.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి అక్క అరుస్తోంది.

"నాలుగు నెలలు వాడు పని మానుకుని నీకు పుస్తకం కడితే, ఒక్క ఎత్తు గుర్తుపెట్టుకోలేకపోయావా? ఎదురింటి పంచదార గుర్తుంటుందే నీకు!"

"పుస్తకంలో ఉన్నదే ఆడానమ్మా! అదిగో, మావయ్యే వచ్చాడు. చూపిస్తాడు చూడు." పిల్ల ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో అతని వంక తిరిగింది. "మావయ్యా, అమ్మకు ఆ పేజీ చూపించు."

లాప్‌టాప్ లాక్కున్నంత పనిచేసి తనే తెరిచింది. తనే ఎత్తులు నొక్కుకుంటూ ఆ స్థితికి వచ్చింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏదీ?" అంది అక్క.

పిల్ల వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. గుర్రం ఎత్తు లేదు.

ఒక్క మాట. 'తప్పు నాది తల్లీ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. సీటు రాదు, నిజమే, కానీ పిల్ల పిల్లగా మిగిలేది. అక్క మొహంలో తమ్ముడి మీద ఉన్న నమ్మకం చూశాడు ఆ పిరికివాడు. వరండాలో మాస్టారు గుర్తొచ్చాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇంకో స్థితితో కలిపేసుకుని ఉంటావమ్మా. టెన్షన్‌లో ఎవరికైనా అవుతుంది."

"నేను నిన్ను అడిగాను కదా మావయ్యా, గుర్రం పోతుందేమోనని? నువ్వు ప్రింటరు బాగుచేస్తున్నావు, నీ చెయ్యి లోపలుంది..."

"అది వేరే దగ్గర అడిగావు తల్లీ."

పిల్ల చాలాసేపు తెర వైపే చూసింది. తరవాత మావయ్య మొహం చూసింది. తెర అబద్ధం చెప్పదు. మావయ్య అబద్ధం చెప్పడు. ఇక మిగిలింది తనొక్కతే.

"అయితే నేనే మర్చిపోయానేమో," అంది.

"మావయ్యకు సారీ చెప్పు," అంది అక్క.

"సారీ మావయ్యా."

అతను ఆ సారీ పుచ్చుకున్నాడు. "ఫర్వాలేదులే" అన్నాడు కూడా. ఆ మాట అన్న నోటికి ఏం శిక్ష వేయాలో చెప్పగల పెద్దమనిషి ఎవరూ ఆ గదిలో లేరు.

కొన్నాళ్ళకు మాస్టారు దుకాణం మెట్లెక్కి వచ్చాడు. ఆయాసపడుతూనే, "ఆ సీటు పోతే పోయిందయ్యా. వేరే పోటీలున్నాయి. పాతవి మనసులో పెట్టుకోక పిల్లను పంపు, నేను చూసుకుంటాను," అన్నాడు. అంత వయసున్న మనిషి, ఒక మెట్టు దిగడానికని ఇన్ని మెట్లు ఎక్కి వచ్చాడు. పిల్ల మళ్ళీ ఆ తరగతిలో కూర్చుంటే మొదటి పాఠం ఏమిటో మెకానిక్‌కు తెలుసు.

"దానికి ఇష్టం లేదు మాస్టారూ. ఆటంటేనే విరక్తి పుట్టింది," అన్నాడు.

మాస్టారు వచ్చిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

బడి ముగిశాక పిల్ల లాండ్రీలో చేరింది. గలేబులు లెక్కపెట్టి వార్డులకు పంపే పని. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెడుతుందని, దానివల్ల బండి ఆలస్యమవుతోందని సూపర్‌వైజరు అక్కతో అన్నాడట. ఇంట్లో ఇప్పుడెవరూ దాన్ని టేపురికార్డరు అనరు. ఫలానా రోజు ఫలానావాళ్ళు ఏమన్నారని అడిగితే, "ఏమో అమ్మా, నాకు సరిగా గుర్తుండదు కదా" అంటుంది.

మొన్న ఆదివారం మెకానిక్ అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. మేనకోడలు ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసి, తలుపు వేసి, వచ్చి వడ్డించి, తన కంచం ముందు కూర్చుంది. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"మావయ్యా, నేను ఫ్రిజ్ తలుపు వేశానా?"

"వేశావమ్మా. నేను చూశాను."

"నిజంగా చూశావా?"

"నిజంగానే."

అయినా ముద్ద కంచంలో పెట్టేసి, ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళింది. తలుపు పూర్తిగా వేసే ఉంది.